లాంబేర్ తోలు

బెల్జియం కొండల్లో మా స్టావెలో ఊళ్ళో రొట్టె పైన ఎర్రగా కాలి లోపల పిండిపిండిగా ఉంటే "లాంబేర్ అయింది" అంటారు. సగం ఉడికిన బంగాళాదుంప లాంబేర్. పైకి నిగనిగలాడుతూ పని దగ్గర చేతులెత్తేసే మనిషి కూడా లాంబేరే. ఇప్పటి పిల్లలకి ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని తెలియదు. ఆయన మా మామయ్య, మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆ మాట పుట్టిన ఏడు, 1924లో, ఏం జరిగిందో చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. డెబ్భై మూడేళ్ళు నెత్తిమీదకొచ్చాయి. ఇంకా దాచుకుని ఏం చేసుకోను?

అప్పట్లో అంబ్లేవ్ ఏటి ఒడ్డున గ్రెగ్వార్ గారి తోళ్ళ శాలలో అరవై లందలుండేవి. నేలలో నిలువెత్తు లోతుకి దించి, చుట్టూ ఓక్ పలకలు బిగించిన గుంతలు. సున్నంలో నాని, వెంట్రుకలు గీకించుకుని వచ్చిన పచ్చితోలు ముందు ఓక్ బెరడు నానేసిన పల్చటి రసం ఉన్న లందలో పడుతుంది. అక్కణ్ణుంచి ఒక్కొక్క లందే మారుతూ, చిక్కటి రసాలు తాగుతూ చివరి వరస చేరేసరికి ఏడాదిన్నర. తొందరపడ్డావో, తోలు నీ మీద పగబడుతుంది. లేత తోలుని చిక్కటి రసంలో ముంచితే పైపొర బిగుసుకుపోతుంది, ఇక లోపలికి చుక్క దిగదు. పైన తోలు, మధ్యలో పచ్చి చర్మం. అలాంటిది చెప్పు అడుగున వేస్తే నెల తిరక్కుండా పెళ్ళున పగులుతుంది.

ఏ లంద ఎంత చిక్కగా ఉందో చెప్పేది మా నాన్న సెర్వే. కొలతా లేదు, కాగితమూ లేదు. వేలు ముంచి నాలుక మీద రాసుకునేవాడు, నోరు ఎంత వగరెక్కిందో చూసి చెప్పేవాడు. "సెర్వే నాలుక" అంటే లియేజ్ పట్నం దాకా పేరు. మేమున్న ఇల్లు కూడా ఆ నాలుక పెట్టిన భిక్షే, లందల పెద్దకి శాలవాళ్ళిచ్చే ఇల్లు. పని పోతే ఇల్లూ పోతుంది.

ఆ నాలుక చచ్చిపోయి అప్పటికి ఆరేళ్ళు.

యుద్ధం ఆఖర్లో వచ్చిన విషజ్వరం వారం తిరక్కుండా అమ్మని తీసుకుపోయింది. నాన్నని వదిలింది గానీ ఆయన నోట్లో రుచి మిగల్చలేదు. ఉప్పూ తెలియదు, తీపీ తెలియదు, వగరూ తెలియదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసని ఆయన నమ్మకం, నా నమ్మకమూ అదే. పదకొండేళ్ళప్పటి నుంచీ ఆయన నాలుకని నేనే మరి. పొద్దున్నే, పనివాళ్ళు రాకముందు, కాఫీ క్యాను పట్టుకుని ఆయన వెంట శాలకి వెళ్ళేదాన్ని. అంతకు ముందు ఒక ఎండు రొట్టె ముక్క నమిలి నోరు శుభ్రం చేసుకోవాలి. లంద లందకీ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని చెప్పేదాన్ని. "ఇది చాలు నాన్నా." "ఇది నిన్నటికంటే పల్చబడింది." ఏడు గంటలకి గ్రెగ్వార్ గారు వచ్చేసరికి ఆయన ఠీవిగా వేలు ముంచి, నాకి, పక్కకి ఉమ్మి, నా మాటలే తనవిగా చెప్పేవాడు. ఎవరైనా ఉన్నప్పుడు అవసరం పడితే మాకొక సైగ ఉండేది. నేను కుడి చెయ్యి ఏప్రానుకి తుడుచుకుంటే పల్చన, ఎడమ చెయ్యి తుడుచుకుంటే చిక్కన.

లాంబేర్ మామయ్య మా ఇంటి మేడగదిలో ఉండేవాడు. నాన్న చెప్పిన బెరడు లందల్లో వేసే పని ఆయనది. మనిషి ఉన్నచోట నవ్వు ఉండేది, నవ్వున్నచోట కాస్త సారా కూడా ఉండేది. పెళ్ళి చేసుకోవయ్యా అంటే, "నా కంపుకి ఏటిలో చేపలే పారిపోతుంటే, ఏ పిల్ల నిలబడుతుంది?" అనేవాడు. ఒక ఆదివారం నాన్న కాఫీలో మూడు చెంచాల ఉప్పు కలిపి, నాకేసి కన్నుగీటి కూర్చున్నాడు. నాన్న కప్పెత్తి గుటకలు వేసి తాగి, "ఇవాళ కాఫీ బాగుంది, అమ్మాయ్" అన్నాడు.

 మామయ్య నవ్వబోయినవాడల్లా ఆగి, బల్ల మీది రొట్టె తునకలు వేలితో ఒకచోటికి పోగుచేస్తూ కూర్చున్నాడు. మళ్ళీ ఎప్పుడూ నాన్నతో అలాంటి పరాచికాలు ఆడలేదు. ఎందుకని నేనూ ఆలోచించలేదు. మొద్దుని.

ఓక్ చెట్టు బెరడు ఊడి వచ్చేది మేలోనూ జూన్ మొదట్లోనూ, చెట్టులో నీరు పైకెక్కినప్పుడు. ఆ నాలుగు వారాలూ ఊళ్ళో ఆడవాళ్ళంతా కొండ మీదే ఉంటారు. అంతకు ముందు నాన్న నన్ను అడవికి పంపేవాడు కాదు. ఆ ఏడు పదిహేడు నిండాయి. తోటి పిల్లలంతా పాటలు పాడుకుంటూ పోతుంటే నేను మాత్రం కాఫీ క్యాను పట్టుకుని లందల చుట్టూ తిరగాలా? ఏడ్చి సాధించాను. పొద్దున లందలు చూసేసి అడవికి పోవడం, సాయంత్రం బండి మీద తిరిగి రావడం. మర్నాటికి నోరు ఎలాగూ బాగుపడుతుంది కదా అని నాన్న కూడా ఒప్పుకున్నాడు.

మగవాళ్ళు చెట్టు కొడితే మేం బెరడు ఒలిచి మోపులు కట్టేవాళ్ళం. మోపుకి తాడు వేరే ఉండదు, లేత బెరడు నారే తాడు. రెండు చేతులూ మోపు మీద ఉంటాయి కాబట్టి నారలన్నీ పళ్ళ మధ్య పట్టుకుంటాం. ఒకటి తీసి కట్టడం, ఇంకోటి తీసి కట్టడం, పొద్దు వాలేదాకా అదే. పక్కింటి మార్గెరిట్ నా మొహం చూసి పగలబడి నవ్వేది.

"ఏమే, ఎలుగుబంటికి ముద్దుపెట్టావా? ఆ మూతి చూసుకో!"

"నీ మూతి చూసుకోవే ముందు. బొగ్గు తిన్న మేకలా ఉన్నావు!"

అందరి పెదాలూ ముదురు గోధుమరంగులో ఉండేవి. నా బతుకులో నేను అంతలా నవ్వుకున్న రోజులు మళ్ళీ రాలేదు.

యేసు స్వర్గారోహణ పండగ ముందు రోజు, బుధవారం. అడవి బండి శాల ముందు ఆగేసరికి అయిదైంది. మర్నాడు పండగ, పని ఉండదు. ఆ మధ్యాహ్నమే నలభై ఎద్దు తోళ్ళు సున్నం నుంచి తేలి మొదటి లంద ఎక్కాయి. వాటి సంగతి తేల్చందే గ్రెగ్వార్ గారు ఇంటికి వెళ్ళేలా లేరు. లంద అంచున నిలబడి గొలుసు గడియారం చూసుకుంటున్నారు. నాన్న నన్ను చూసి ప్రాణం లేచొచ్చినట్టు పిలిచాడు.

"అమ్మాయ్, ఇలా రా. ఆ చేతులేమిటి, కడుక్కో."

వంగి లందలోనే చేతులు కడుక్కుంటున్నట్టు నటించాను. వేలు నోట్లో పెట్టుకున్నాను. ఏమీ లేదు, ఏటి నీళ్ళలా ఉంది. ఇంత పల్చబడిందేమిటి అనుకుంటూ కుడి చెయ్యి ఏప్రానుకి తుడుచుకున్నాను.

నాన్న నా మొహంలోకి చూశాడు. రోజూ చూసేదానికంటే ఒక్క క్షణం ఎక్కువే చూశాడు. గ్రెగ్వార్ గారు గడియారం మూత టప్పున మూశారు.

"ఏమంటావ్, సెర్వే?"

నాన్న వేలు ముంచి నాకి ఉమ్మాడు. "పల్చబడిందండి. కాస్త బలం పెట్టాలి."

"నువ్వెలా అంటే అలా. పండగ బాగా చేసుకోండి" అని ఆయన వెళ్ళిపోయారు.

ఆయన గేటు దాటాక నాన్న మామయ్యతో చెప్పాడు. "నాలుగు గంపల కొత్త బెరడు వెయ్యి. చివరి వరసలోంచి పాతిక బిందెల రసం తెచ్చి పొయ్యి."

"నాలుగా? బావా, ఇవి ఇవాళే సున్నం తేలిన తోళ్ళు. ఒకటి చాలు."

"నాలుక నాదా, నీదా?"

మామయ్య నావంక చూశాడు, నాన్నవంక చూశాడు. గంప భుజానికెత్తుకుని వెళ్ళాడు. ఆ రాత్రి సూపులో నాకు ఉప్పు తెలియలేదు. అలిసిపోయాననుకున్నాను.

పండగ పొద్దున, పూజకి వెళ్ళే ముందు, పాలూ బియ్యమూ పోసి కాల్చిన తీపి రొట్టె ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. తీపి జివ్వున తగిలింది. చెంచా చేతిలోనే ఉండిపోయింది. నిన్న పల్చబడింది లంద కాదు. పొద్దుటి నుంచీ పచ్చి నార నమిలి నమిలి నా నోరే ఒక లందైపోయింది. అంత వగరు మరిగిన నాలుకకి ఇంకే వగరు తెలుస్తుంది? తోళ్ళ ఊళ్ళో పుట్టిన పిల్లని, ఎండు రొట్టె నమిలి గానీ లంద ముట్టకూడదని తెలిసినదాన్ని, నేను చేసిన పని అది.

చెప్పాల్సింది, అప్పుడే చెప్పాల్సింది. కానీ నాన్న ఆరేళ్ళుగా పెట్టెలో ఉన్న నల్ల కోటు వేసుకుని అద్దం ముందు మీసం దువ్వుకుంటున్నాడు. చెబితే పండగపూట పదిమందిని పిలిచి లంద తోడించాలి. ఎందుకూ అని అడుగుతారు. సెర్వే నాలుక అబద్ధం ఎలా చెప్పింది అని అడుగుతారు. ఒక్క రాత్రికి ఏమవుతుందిలే, అవి గట్టి తోళ్ళు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గుడికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని దేవుడితో బేరం కూడా ఆడాను. నలభై తోళ్ళ కోసం అంత ఏడ్చి మొక్కుకున్న పిల్ల ఆ గుడిలో ఇంకెవరూ ఉండి ఉండరు. శుక్రవారం పొద్దున ఆ లంద నోరు బిగిసేంత వగరుగా తగిలినా, "ఇది చాలు నాన్నా" అనే చెప్పాను.

జూలై మొదటి వారంలో ఆ తోళ్ళు పక్క లందకి మారాలి. మారే ముందు ఒక తోలు మూల కోసి చూడటం ఆనవాయితీ. గ్రెగ్వార్ గారే కత్తి తీసుకున్నారు. పనివాళ్ళంతా చుట్టూ చేరారు. నేను కాఫీ క్యాను పట్టుకుని గోడవార నిలబడ్డాను.

కోత మెత్తగా దిగలేదు, కిర్రుమంది. ఆయన ముక్కని వెలుతురులో పైకెత్తారు. రెండు అంచులా గోధుమరంగు, మధ్యలో పచ్చి పంది కొవ్వులా తెల్లటి గీత. ఇంకోటి కోశారు, అదీ అంతే. పది కోశారు. ఇక కొయ్యలేదు.

"ఈ లందలో ఎంత బెరడు పడింది?" గొంతు పెంచలేదాయన. "సెర్వే, నువ్వెంత చెప్పావు?"

 తేలు కుట్టిన దొంగల్లా ఉన్నాం ఇద్దరమూ. నాన్న చూపు నేల మీద ఉంది. నా చూపు నాన్న బూట్ల మీద.  ఒక్క అడుగు ముందుకేసి "నేనే" అంటే అయిపోయేది. ఆ అడుగు వెయ్యలేదు.

"బావ ఒక గంపే చెప్పాడండి" అన్నాడు మామయ్య.

అందరూ ఆయనవైపు తిరిగారు.

"నేనే నాలుగేశాను. పండగ ముందు రోజు కదండీ, మధ్యాహ్నం నుంచే తాగున్నాను. పని తొందరగా తెమిలిపోతుందని రసం కూడా చివరి లందలోంచే పోసేశాను."

"లాంబేర్!" అన్నారు గ్రెగ్వార్ గారు. నమ్మకపోవడానికి ఆయనకి కారణం లేదు. మామయ్య తాగుడు ఊరందరికీ తెలుసు. "ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నావు కదరా ఇక్కడ! చిన్నపిల్లాడు కూడా చెయ్యడు ఈ పని."

"అవునండి. పిల్లలైతే తాగరు కదండీ."

ఎవరూ నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే పొమ్మన్నారు. నాన్న అప్పుడు కూడా నోరు మెదపలేదు.

నేను మేడగదికి వెళ్ళేసరికి మామయ్య రెండు చొక్కాలూ ఒక దుప్పటీ మూటగడుతున్నాడు. సెరాన్ బొగ్గుగనుల్లో ఎవరినైనా తీసుకుంటారట. నేను గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాను గానీ, ఎందుకో చెప్పడం లేదు.

"ఏడవకే పిల్లా. బొగ్గుకి వాసనుండదు. ఇప్పుడైనా ఏ పిల్లో నిలబడుతుందేమో."

"మామయ్యా, అది... ఆ రోజు నేను..."

"ఊరుకో." మూట ముడి లాగి బిగించాడు. గుమ్మం దాటుతూ నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు. "అడవి నుంచి వచ్చిన రోజు పాలతో నోరు పుక్కిలించు. పుక్కిలించినా సరే, తెల్లారేదాకా లంద ముట్టకు. విన్నావా? మీ నాన్నకి నువ్వు తప్ప ఎవరూ లేరు."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఉప్పు కాఫీ ఆదివారం నాడే ఆయనకి అంతా తెలిసిపోయిందని నాకప్పుడు వెలిగింది.

ఊరికి ఇలాంటివి దొరికితే వదులుతుందా? వారం తిరిగేసరికి శాలలో చెడిన ప్రతి తోలూ "లాంబేర్ తోలు" అయింది. ఆగస్టులో రొట్టెల కొట్లో వినపడింది. సెప్టెంబరులో బడి పిల్లలు అంటున్నారు. అక్టోబరులో గ్రెగ్వార్ గారు లియేజ్ నుంచి ఒక గాజు గొట్టం తెప్పించారు. రసంలో వదిలితే తేలుతుంది, ఎంత చిక్కనో దాని మీద అంకె చూపిస్తుంది. ఎవరైనా చదవచ్చు. "ఇక నీ నాలుకకి విశ్రాంతి, సెర్వే" అని ఆయన నాన్న భుజం తట్టారు. పని పోలేదు, ఇల్లూ పోలేదు. ఆ గొట్టం అయిదు నెలల ముందు వచ్చి ఉంటే మామయ్య కూడా పోయేవాడు కాదు. నాన్న మాత్రం గొట్టం చూశాక కూడా వేలు ముంచి నాకేవాడు. కుర్రాళ్ళు వెనక నుంచి నవ్వుకునేవారు.

నవంబరు ఒకటిన, పెద్దల పండగకి, అమ్మ సమాధి మీద పూలు పెట్టడానికి వెళ్ళాం. మామయ్య అప్పటికే అక్కడున్నాడు. చిక్కిపోయాడు. కళ్ళ చుట్టూ కడిగినా పోని నలుపు. చేతిలో తెల్ల చేమంతులు. శ్మశానం నిండా జనం. గోడ మీద కూర్చున్న పిల్లలు "లాంబేర్! లాంబేర్!" అని కేకలేస్తున్నారు, ఆయన పేరు అని కూడా కాదు, ఆ మాట బాగుందని. నాన్న టోపీ కళ్ళ మీదకి లాక్కుని, అమ్మ సమాధి దగ్గర ఆగకుండా, తిన్నగా నడిచి వెళ్ళిపోయాడు. మామయ్య ఆయన వీపువంక చూస్తూ ఉండిపోయాడు. పూలు పెట్టి, నాకు తల ఊపి, రైలుకి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో ఆయన మళ్ళీ ఎప్పుడూ భోంచెయ్యలేదు. పదకొండేళ్ళ తర్వాత ఊపిరితిత్తులు పాడై సెరాన్‌లోనే పోయాడు. అక్కడే పూడ్చారు.

ఆ పెద్దల పండగ సాయంత్రం సూపు గిన్నె నాన్న ముందు పెట్టి, ఇక ఆగలేక చెప్పేశాను. నారలు పళ్ళ మధ్య పట్టుకున్న సంగతి, పండగ పొద్దున తెలిసిన సంగతి, అన్నీ చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆయన చెంచా తిప్పుతూనే ఉన్నాడు.

"నీ పెదాలు గోధుమరంగులో ఉన్నాయి ఆ రోజు" అన్నాడు. "చూశాను."

"చూసి..."

"అడుగుదామనుకున్నాను. గ్రెగ్వార్ గారు నిలబడున్నారు."

"మరి మామయ్య?"

 సూపు చల్లారిపోయింది.

"వాడు అలా అంటాడని నేననుకోలేదు. అన్నాక..." చెంచా బల్ల మీద పెట్టేశాడు. "నాకు హాయిగా అనిపించింది, లెయోనీ. దేవుడు క్షమించుగాక, ప్రాణానికి హాయిగా అనిపించింది."

ఆయన్ని అసహ్యించుకోవాలనుకున్నాను. ఎలా అసహ్యించుకోను? మామయ్య నోరు తెరిచిన ఆ క్షణాన, గోడవార నిలబడి, నేనూ అలాగే ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత నాన్నా నేనూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన పోయేదాకా ఆయనకి వండిపెట్టాను, ఉప్పు సరిగ్గా చూసి మరీ వేశాను.

లందలు ఎప్పుడో పూడ్చేశారు. శాలలో ఇప్పుడు బళ్ళు ఆపుకుంటున్నారు.

మొన్న గురువారం రొట్టెల కొట్టుకి వెళ్ళాను. కొత్తగా చేరిన పిల్ల ఒక రొట్టె తీసి, అడుగున వేలితో తట్టి చూసి, పక్కన పెట్టేసింది.

"ఇది వద్దు లెయోనీ మామ్మా. లాంబేర్ అయింది. ఇంకోటి ఇస్తాను."

"అదే ఇవ్వు."

"లోపలంతా పచ్చిగా ఉంటుంది మామ్మా, కడుపునొప్పి వస్తుంది."

"దాని పేరు లాంబేర్ కాదే, అమ్మాయ్."

"మరేమిటి?"

"లెయోనీ."

అది పకపకా నవ్వింది. "అయ్యో, చెడ్డ రొట్టెకి మీ పేరా? మీరేం చేశారు మామ్మా, పాపం?"

చెబుదామని నోరు తెరిచాను. నా వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. రొట్టె తీసుకుని, డబ్బులిచ్చి వచ్చేశాను.